పదకొండో వరస

మాది నాలుగెకరాల ద్రాక్షతోట,
సస్సెక్స్‌లో, కొండకి దక్షిణపు వాలులో.
సుద్ద నేల.
పార దింపితే ముందు చెకుముకి రాయి పలుకుతుంది,
మట్టి తర్వాత.

మందులు మానేద్దామన్నది నేనే.
క్లెమెంట్ టీ కప్పు కిటికీలో పెట్టి
"మూడేళ్లు" అన్నాడు,
బరువెంతో చేత్తో తూచి చూస్తున్నట్టు.
ఆ మూడేళ్లూ సేంద్రియానికయ్యే కష్టమంతా మనది,
ఆ మాట మాత్రం సీసా మీద రాసుకోకూడదు.

మొదటి ఏడు కలుపు.
తీగ మొదళ్లలో దురదగొండి నడుమెత్తు లేచింది.
పక్కపొలం హంఫ్రీ పెన్‌ఫోల్డ్
గేటు మీద మోచేతులాన్చి
"గడ్డి బాగా పండించారే" అన్నాడు.
నవ్వాను.
ఆ రాత్రి మోకాళ్లకి కాపడం పెట్టుకుంటూ
తీరిగ్గా తిట్టాను.

చలికాలం గొర్రెల్ని అరువు తెచ్చాం.
ముప్పై ఒకటి, అందులో ఒకటి కుంటిది.
క్లెమెంట్ స్కూలు బస్సు నడిపాడు,
ఆ జీతమే తోటకి ఎరువు.

మే నెలలో గడ్డమంచు.
రాత్రి రెండింటికి లేచి
డబ్బాల్లో మైనం వెలిగిస్తూ వరసల వెంట నడిచాం.
కింద రోడ్డు మీద లారీ ఆగింది.
"ఏమైనా తగలబడుతోందా?"
"ఇంకా లేదు" అన్నాడు క్లెమెంట్.

రెండో ఏడు వాన.
జూన్ అంతా, జులై సగం.
ఆకు మీద నూనెచుక్క లాంటి మచ్చ,
తిరగేస్తే తెల్లటి బూజు.
మైలుతుత్తానికి ఏడాదికింతని లెక్కుంది,
ఆ లెక్క జూన్ దాటకుండానే అయిపోయింది.
మేం మొట్టమొదట నాటిన వరసలోనే
బూజూ మొట్టమొదట దిగింది.

ఇక చెప్పాల్సింది చెబుతాను.
షెడ్డులో కంచె తీగచుట్టల వెనక
పాత మందుడబ్బా ఒకటి ఉండిపోయింది, సగం.
పారేయడం మరిచామనుకున్నాను.
మరవలేదు.
క్లెమెంట్ నిద్రలో ఉండగా
పంపు వీపుకి తగిలించుకుని
ఒక్క వరస కొట్టాను.
తలకి కట్టుకున్న లైటు వెలుగులో
తుంపర ఎంత అందంగా ఉందో
చెప్పడానికి సిగ్గు.

వరస బతికింది.
అటూ ఇటూ గుత్తులు ముడుచుకుని రాలుతుంటే
మధ్యలో అదొక్కటే పచ్చగా,
కాపీ కొట్టి పాసైన పిల్లలా.
"అక్కడ గాలి బాగా ఆడుతుంది కాబోలు" అన్నాడు క్లెమెంట్.
తల ఊపాను.
ఆ ఊపిన తలతోనే రెండు నెలలు పడుకున్నాను, లేచాను.

సెప్టెంబరులో తనిఖీకి మిస్ టాప్సెల్ వచ్చింది.
చెవి మీద పెన్సిలు, బూట్లనిండా బురద.
రశీదులు చూసింది. షెడ్డు చూసింది.
డబ్బా ఎప్పుడో పారేశాను, ఏమీ దొరకదు.
"ఇంకేమైనా ఉందా?"
అలవాటుగా అడిగి కాగితం మడుస్తోంది.
"పదకొండో వరస" అన్నాను.
క్లెమెంట్ నావైపు చూడలేదు.
కెటిల్ వైపు చూశాడు.
అది ఇంకా మరగలేదు.

ఆమె తిట్టలేదు.
మడత విప్పి
పది, పదకొండు, పన్నెండు అని రాసింది.
"తుంపరకి హద్దురాళ్లు తెలీవు కదా."
మూడింటికీ మళ్లీ మొదటి రోజు.
కింద తేదీ వేసింది.

వారం పాటు క్లెమెంట్
వాతావరణం గురించే మాట్లాడాడు.
ఎనిమిదో రోజు, కత్తెర నూరుకుంటూ,
"ఆ డబ్బా నేనూ చూశాను" అన్నాడు.
కాసేపాగి, "రెండుసార్లు."

ఇది నాలుగో ఏడు.
మిగతా తోటకి ముద్ర పడింది.
ఆ మూడు వరసల రసం వేరే తొట్టిలో పులుస్తుంది,
ఈస్ట్ వేయం, తొక్కని అంటుకుని వచ్చిందే.
లేబుల్ లేదు.
తొట్టి మీద మా నేల సుద్దతోనే
పదకొండని రాశాను.
గొప్పగా ఏమీ ఉండదు.
పచ్చి యాపిల్ పులుపు, కాస్త రాయి,
చివర్లో నాలుక మీద ఏదో గరుకు.

మొన్న హంఫ్రీకి గేటు దగ్గరే ఒక గ్లాసు పోశాను.
తాగాడు. గ్లాసు ఎండకెత్తి చూశాడు.
"ఏమిటిది?"
"గడ్డి" అన్నాను.